జావాస్క్రిప్టులో ‘స్ట్రిక్టు మోడు’: దాగిన తప్పును బయటపెట్టు నియమము

వానకాలమున గోదావరికి వరద వచ్చినపుడు ధవళేశ్వరమువద్ద కాటన్ బ్యారేజి నీటిమట్టము ఎంత ఉన్నదని డెల్టాలో అందరును విచారించుచుందురు. మట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు చేరినచో రెండవదానిని, 17.75 అడుగులకు చేరినచో మూడవదానిని ప్రకటింతురు. ఈ మట్టములవద్ద సముద్రమునకు పోవు నీరు వరుసగా సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులుగ ఉండును. లంకగ్రామములవారు పశువులను, సామానును గట్టుమీదికి చేర్చుకొనుట ఈ సంఖ్యలను బట్టియే జరుగును.

మట్టమును ఇచ్చినంతనే హెచ్చరిక సంఖ్యను చెప్పు చిన్న కంప్యూటరు ప్రోగ్రామును వ్రాయుట ఉన్నత పాఠశాల విద్యార్థికి మంచి అభ్యాసము. అయితే అట్టి ప్రోగ్రాములో ఒక్క అక్షరము తప్పు పడినచో ఏమగును? యంత్రము ఆ తప్పును చూపి ఆగిపోవునా, లేక నోరు మెదపక తప్పుడు జవాబును ఇచ్చునా? మొదటిది జరిగిన నష్టము లేదు. తప్పును దిద్దుకొని మరల నడపవచ్చును. ప్రమాదమంతయు రెండవదానియందే ఉన్నది. జావాస్క్రిప్టు అను భాషలో ఈ రెండు విధములును సాధ్యమే. వాటిలో ఏది జరుగవలెనో నిర్ణయించునది ప్రోగ్రాము మొదట వ్రాయు రెండు మాటల ఒక చిన్న పంక్తి. దానిచే ఏర్పడు విధానమునకే ‘స్ట్రిక్టు మోడు’ అని పేరు. స్ట్రిక్టు అనగా కచ్చితమైన నియమములు గలది అని అర్థము.

భాష పుట్టుక

జావాస్క్రిప్టును 1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ అను ఇంజనీరు సుమారు పది దినములలో రూపొందించెను. బ్రౌజరులో కనిపించు పుటలకు కొంత చలనము కలిగించుట దాని ఉద్దేశము. కంప్యూటరు శాస్త్రము చదువనివారు సైతము దీనిని వాడుదురని తలచి, చిన్న చిన్న పొరపాట్లను క్షమించు స్వభావమును దీనికి కల్పించిరి. పుటలో ఏదో ఒక బొమ్మ కదలకున్నను పుట మొత్తము ఆగిపోరాదు గదా! ఆనాటి అవసరమునకు అది సరియైనదే. కాని ఈ భాష క్రమముగ పెరిగి పెద్దపెద్ద లెక్కలకు, వ్యాపార వ్యవహారములకు, రైలు టిక్కెట్ల కొనుగోలుకు గూడ సాధనమైనది. చిన్న పనిలో మేలైన క్షమాగుణము పెద్ద పనిలో దోషముగ మారినది.

ఈ భాషకు ప్రమాణ గ్రంథమును ఎక్మా అను అంతర్జాతీయ సంస్థ 1997లో మొదటిసారి ప్రకటించినది. 2009 డిసెంబరులో వెలువడిన అయిదవ కూర్పులో స్ట్రిక్టు మోడు చేర్చబడినది. ఇట్టి ఆలోచన అంతకు ముందు లేకపోలేదు. 1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాష ముందుగ చెప్పని పేరును గూడ చలరాశిగ స్వీకరించెడిది; ఆ పేరు ఐ మొదలు ఎన్ వరకు గల ఆంగ్లాక్షరములలో ఒకదానితో ప్రారంభమైన పూర్ణాంకమనియు, కానిచో దశాంశ సంఖ్యయనియు భావించెడిది. దానివలన కలిగిన చిక్కులను చూచియే తరువాతి ఫోర్ట్రాన్ 90 ప్రమాణములో అట్టి ఊహలను నిషేధించు ‘ఇంప్లిసిట్ నన్’ అను ఆదేశమును చేర్చిరి. 1994లో వచ్చిన పెర్ల్ అయిదవ కూర్పునందు ‘యూజ్ స్ట్రిక్ట్’ అనియే ఒక ఆదేశము గలదు. జావాస్క్రిప్టులోని ఆదేశమునకును అదే పేరు.

‘మట్టం’, ‘మట్టము’

ఇక వరద హెచ్చరిక ప్రోగ్రామును చూతము. క్రింద కీలకపదములు తెలుగు లిపిలో చూపబడినవి. యంత్రమునకు ఇచ్చునపుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరములలోనే వ్రాయవలెను. చలరాశుల పేర్లు మాత్రము నిజముగనే తెలుగులో ఉండవచ్చును. యూనికోడు పట్టికలోని అక్షరములతో పేర్లు పెట్టుటకు జావాస్క్రిప్టు 1999 నాటి మూడవ కూర్పునుండియే అనుమతించుచున్నది.

1. లెట్ నీటిమట్టం = 10.5;
2. లెట్ హెచ్చరిక = 0;
3. నీటిమట్టము = 14.2;
4. ఇఫ్ (నీటిమట్టం >= 11.75) హెచ్చరిక = 1;
5. ఇఫ్ (నీటిమట్టం >= 13.75) హెచ్చరిక = 2;
6. ఇఫ్ (నీటిమట్టం >= 17.75) హెచ్చరిక = 3;

‘లెట్’ అనునది క్రొత్త చలరాశిని ప్రకటించు పదము. ఉదయము మట్టము 10.5 అడుగులు, సాయంకాలమునకు 14.2 అడుగులైనది. మూడవ పంక్తిలో క్రొత్త విలువను ఉంచబోవుచు విద్యార్థి ‘మట్టం’ అనుటకు బదులు ‘మట్టము’ అని వ్రాసెను. తెలుగు చదువరికి ఈ రెండును ఒకే మాట. యంత్రమునకు అట్లు కాదు. యూనికోడు పట్టికలో సున్నకు 3074 అను ఒక సంఖ్య గలదు. ‘ము’ అనుదానికి 3118, 3137 అను రెండు సంఖ్యలు కావలెను: ఒకటి మకారమునకు, ఒకటి కొమ్మునకు. సంఖ్యలు వేరగుటచే పేర్లును వేరే.

స్ట్రిక్టు మోడు లేనపుడు యంత్రమేమి చేయును? ‘నీటిమట్టము’ అను చలరాశి లేదు గనుక, దానిని అప్పటికప్పుడు సృష్టించి అందు 14.2ను ఉంచును. పాత ‘నీటిమట్టం’లో 10.5 అట్లే నిలిచియుండును. నాలుగు, అయిదు, ఆరు పంక్తులు ఆ 10.5నే పరీక్షించును. తుదకు వచ్చు ఫలితము సున్న, అనగా హెచ్చరిక ఏదియు లేదు. నిజమునకు నది రెండవ హెచ్చరికను దాటియున్నది! తెరపై తప్పు అను సూచన ఎచటను కానరాదు.

ప్రోగ్రాము మొట్టమొదట ‘యూజ్ స్ట్రిక్ట్’ అను మాటలను ఉల్లేఖన చిహ్నముల మధ్య ఒక పంక్తిగ వ్రాసినచో కథ మారును. మూడవ పంక్తికి రాగానే యంత్రము ఆగిపోయి, ‘నీటిమట్టము’ అను పేరు నిర్వచింపబడలేదని, ఎన్నవ పంక్తిలో ఆ దోషమున్నదో తెలుపును. దీనికి ‘రిఫరెన్స్ ఎర్రర్’ అని పేరు. విద్యార్థి ఒక నిమిషములో దానిని దిద్దుకొనగలడు.

తెలుగు టైపుచేయువారికి ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు ఒకటి గలదు. ‘నెట్‌స్కేప్’ వంటి మాటలలో పొల్లును, తరువాతి హల్లును కలిసి ఒత్తుగ మారకుండ నిలుపుటకు మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తును చొప్పింతురు. దాని యూనికోడు సంఖ్య 8204. భారతీయ లిపులకు అది అవసరమగుటచే చలరాశుల పేర్లలో గూడ దానిని జావాస్క్రిప్టు అంగీకరించును. పొల్లుతో ముగియు మాట చివర ఆ గుర్తు పొరపాటున పడినచో, ఆ గుర్తు గల పేరును, లేని పేరును కంటికి ఒక్కతీరుగనే కనిపించును. యంత్రమునకు రెండు వేర్వేరు పేర్లు. అక్షరదోషమును కంటితోనైన పట్టవచ్చును గాని, కనబడని దోషమును పట్టుట ఎట్లు? క్రొత్త విలువను ఉంచు చోట అట్టి పేరు ఎదురైనచో స్ట్రిక్టు మోడు దానిని పట్టి చూపును.

ఒక లెక్కను చెరచు మరియొక లెక్క

ప్రకటింపని చలరాశి మరియొక విధముగ గూడ హాని చేయును. అట్లు పుట్టిన పేరు తాను పుట్టిన ప్రమేయమునకే, అనగా ఫంక్షనుకే, పరిమితము గాక ప్రోగ్రాము మొత్తమునకు ఉమ్మడి అగును. ఒక రైతు తన బోదెకు గట్టు వేయనిచో నీరు ప్రక్క చేనిలోనికి పోవును గదా, ఇదియు అట్టిదే.

గోదావరి డెల్టాకు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలని మూడు భాగములు. ఒక్కొక్క భాగములో వారము దినములలో కురిసిన వర్షమును కూడుటకు ఒక ప్రోగ్రాము వ్రాసిరనుకొందము. వెలుపలి చక్రము మూడు భాగములను ఒకటొకటిగ తీసికొనును:

ఫర్ (వరుస = 0; వరుస < 3; వరుస++) వారపుమొత్తం(వరుస);

‘వారపుమొత్తం’ అను ప్రమేయములో ఏడు దినములను లెక్కించు మరియొక చక్రము గలదు:

ఫర్ (వరుస = 0; వరుస < 7; వరుస++) ...

రెండు చోట్లను ‘లెట్’ అను పదము లేదు. కనుక ‘వరుస’ అనునది ఒక్కటే ఉమ్మడి చలరాశి. తూర్పు డెల్టాకై లోపలి చక్రము ఏడు దినములను లెక్కించి ముగియునప్పటికి ‘వరుస’ విలువ 7 అగును. వెలుపలి చక్రము దానికి ఒకటి చేర్చి 8 చేయును. 8 అనునది 3 కన్న తక్కువ కాదు గనుక పని ముగిసినదని భావించును. మధ్య, పశ్చిమ డెల్టాల వంతు రానేరాదు. తూర్పు డెల్టా మొత్తము మాత్రము సరిగనే ఉండుటచే చూచినవారికి అనుమానము గూడ కలుగదు. స్ట్రిక్టు మోడులో మొదటి చక్రము మొదటి అడుగులోనే ఆగి ‘వరుస’ను ప్రకటింపలేదని చెప్పును. రెండు చోట్లను ‘లెట్ వరుస’ అని వ్రాసినచో రెండును వేరు వేరు చలరాశులై ఎవరి పని వారు చేయును.

పట్టుబడు మరికొన్ని తప్పులు

మొదటిది, మార్చరాని విలువను మార్చుట. హెచ్చరిక మట్టములు మూడింటిని ‘మట్టాలు’ అను ఒక వస్తువులో ఉంచి, అవి మారకుండ ‘ఫ్రీజ్’ అను ఆదేశముతో స్తంభింపజేయవచ్చును. తరువాత ఎవరైన పొరపాటున మొదటి మట్టమును 1.175 అని మార్చబోయినచో, సాధారణ విధానములో విలువ మారదు. మారలేదను మాటయు చెప్పదు. మార్చితిననుకొన్నవాడు ఆ నమ్మకముతోనే ముందుకు సాగును. స్ట్రిక్టు మోడులో అదే చోట ‘టైప్ ఎర్రర్’ అను దోషము వెలువడును.

రెండవది, సంఖ్యకు ముందు సున్న. పట్టికలో అంకెలు బారుగ ఉండుటకై 14ను 014 అని వ్రాయుట పాఠశాలలో అలవాటే. సాధారణ విధానములో జావాస్క్రిప్టు 014ను ఎనిమిది ఆధారముగ గల సంఖ్యగ చదువును. అపుడు దాని విలువ ఒక ఎనిమిదియు, నాలుగును కలిసి 12. పదునాలుగు అడుగులు రెండవ హెచ్చరిక కాగా, పండ్రెండు అడుగులు మొదటి హెచ్చరిక మాత్రమే. మరియు ఒక వింత: 017 విలువ 15 కాగా, 018 విలువ 18! ఎనిమిది అను అంకె ఆ పద్ధతిలో లేదు గనుక యంత్రము దానిని దశాంశ పద్ధతిలోనే చదువును. స్ట్రిక్టు మోడులో ఈ వ్రాతయే నిషిద్ధము.

మూడవది, ఒకే పేరును ఒక ప్రమేయమునకు రెండుమార్లు ఇచ్చుట. మట్టం, ప్రవాహం, మట్టం అని మూడు విలువలను కోరు ప్రమేయములో మొదటి ‘మట్టం’ మరుగున పడి చివరిదే నిలుచును. స్ట్రిక్టు మోడు దీనిని అంగీకరింపదు.

ఈ దోషములు పట్టుబడు వేళలో ఒక భేదము గలదు. వ్రాతలోని దోషములు, అనగా 014 వంటి సంఖ్య, రెండుమార్లు వచ్చిన పేరు మున్నగునవి, ప్రోగ్రాము నడువకముందే యంత్రము చదువునపుడు బయటపడును. ప్రకటింపని పేరునకు విలువ ఇచ్చుట, స్తంభింపజేసిన విలువను మార్చుట ఆ పంక్తి నడచినపుడే బయటపడును. ఈ భేదము మిక్కిలి ముఖ్యము. అక్షరదోషము 17.75 అడుగులు దాటిన పిమ్మట మాత్రమే నడచు పంక్తిలో ఉన్నదనుకొందము. స్ట్రిక్టు మోడు ఉన్నను, నది అంత ఎత్తునకు వచ్చు దినమువరకు ఆ దోషము బయటపడదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము సాగినది. అట్టి దినమున ప్రోగ్రాము ఆగిపోయిన ఏమి లాభము? కాబట్టి వేసవిలోనే 5, 12, 14, 18 అడుగుల విలువలను ఇచ్చి ప్రతి మార్గమును నడపి చూడవలెను.

ఎచట వ్రాయవలెను?

‘యూజ్ స్ట్రిక్ట్’ అను పంక్తి ఫైలునకు గాని, ప్రమేయమునకు గాని మొట్టమొదటి వాక్యముగ ఉండవలెను. దానికి ముందు వ్యాఖ్యలు ఉండవచ్చును గాని వేరొక వాక్యము ఉండరాదు. ఫైలు మొదట వ్రాసినచో అది విజ్జేశ్వరమువద్ద ప్రధాన తూము వంటిది. పశ్చిమ డెల్టా కాలువలన్నియు దాని అదుపులో ఉండును. ఒక ప్రమేయము మొదట వ్రాసినచో అది పిల్లకాలువ తూము వంటిది. ఆ ప్రమేయమునకే వర్తించును.

ఈ ఆదేశమును ఒక క్రొత్త కీలకపదముగ గాక, ఉల్లేఖన చిహ్నముల మధ్య ఉన్న వట్టి మాటగ ఏల ఉంచిరి? 2009కి పూర్వపు బ్రౌజరులకు ఈ విధానము తెలియదు. తెలియని కీలకపదము ఎదురైనచో అవి పుటనే నడుపవు. వట్టి మాటను మాత్రము చదివి విడిచిపెట్టును. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు తొమ్మిదవ కూర్పు అట్లే చేసెడిది. 2012లో వచ్చిన పదవ కూర్పు దీనిని గ్రహించినది. ఈ ఉపాయమువలన పాత పుటలకు భంగము కలుగలేదు.

అయితే ఈ ఉపాయమువలననే ఒక చిక్కును కలిగినది. ఆదేశములోనే ఒక అక్షరము తప్పినను, అది మొదటి వాక్యము కాకపోయినను, యంత్రము దానిని వట్టి మాటగ భావించి ఊరకుండును. కాపలావాడు రానేలేదని ఎవరును చెప్పరు. అట్లే స్ట్రిక్టు మోడు గల ఫైలును, లేని ఫైలును ఒకటిగ కలుపునపుడు జాగ్రత్త వలయును. మోడు గలది ముందున్నచో రెండవ ఫైలులోని పాత వ్రాతకు గూడ నియమములు వర్తించి అది ఆగిపోవచ్చును. లేనిది ముందున్నచో ఆదేశము మొదటి వాక్యము కాక వ్యర్థమగును. ఇట్టి సందర్భమున ప్రమేయములలోపల వ్రాయుట క్షేమము.

2015 జూనులో వెలువడిన ఆరవ కూర్పునుండి ‘మాడ్యూలు’లుగ వ్రాసిన ఫైళ్లలోను, ‘క్లాసు’లలోను స్ట్రిక్టు మోడు తనంతట తానే అమలులో ఉండును, వాటికి ఈ పంక్తి అక్కరలేదు. విద్యార్థులు మొదట నేర్చుకొను సామాన్య స్క్రిప్టు ఫైళ్లలో మాత్రము దీనిని వ్రాసితీరవలెను.

దీనికి అందని తప్పులు

స్ట్రిక్టు మోడు సర్వరోగ నివారిణి కాదు. వస్తువులోని భాగముల పేర్లలో దొర్లు తప్పును ఇది పట్టదు. ‘మట్టాలు’ అను వస్తువులో ‘మూడవ’ అను భాగమున్నది. విద్యార్థి దానిని ‘మూడో’ అని చదువబోయెను. అట్టి భాగము లేదు గనుక యంత్రము ‘అన్‌డిఫైన్డ్’, అనగా విలువ లేనిది, అని జవాబిచ్చును. 18 అడుగులు దానికన్న ఎక్కువయా అని అడిగినచో, కాదు అను ఫలితమే వచ్చును. స్ట్రిక్టు మోడు ఉన్నను మూడవ హెచ్చరిక వెలువడదు. అక్షరరూపమున వచ్చిన ‘11’కు ఒకటి చేర్చిన 12 గాక 111 అగుటయు, 13.75ను 17.35 అని వ్రాయుటయు దీనికి తప్పులుగ తోచవు. వ్రాసినవాని ఉద్దేశము యంత్రమునకు తెలియదు. తెలిసిన ఫలితములతో సరిచూచుకొనుటయే వీనికి మందు.

తరగతిలో దీనిని బోధించుటకు పై ఆరు పంక్తుల ప్రోగ్రాము చాలును. మొదట ఆదేశము లేకుండ నడిపి, హెచ్చరిక సున్న అని వచ్చుటను చూపవలెను. తప్పు ఎచట ఉన్నదో విద్యార్థులనే వెదుకుమనవలెను. పిమ్మట ఆదేశమును చేర్చి మరల నడపినచో యంత్రమే మూడవ పంక్తిని, ఆదేశమును గూడ లెక్కించిన నాలుగవదానిని, చూపును. ఎర్రని దోష సందేశమును చూచి విద్యార్థులు సాధారణముగ భయపడుదురు. అది తమ అజ్ఞానమునకు శిక్ష అనుకొందురు. ఈ ప్రయోగము చేసినవారికి అట్టి భయముండదు. తప్పు వ్రాయని ప్రోగ్రామరు లేడు; తప్పు ఉన్నచోట ఉన్నదని చెప్పు యంత్రము మేలుచేయునదే గాని కీడుచేయునది కాదు.